లచ్చన్న దాటిన కంచె

సుక్రు సంచి సర్దడం మొదలుపెట్టి వారం దాటింది. వెళ్ళాలని ఉన్నవాడు ఒక్క పూటలో సర్దుకుంటాడు. వెళ్ళాలని లేనివాడికి సంచి ఎంతకీ నిండదు. గోనెసంచి అడుగున గొంగళి పరిచాడు. దానిమీద చోడిపిండి మూట పెట్టి, మళ్ళీ తీశాడు. కత్తి పెట్టాడు, పిల్లనగ్రోవి పెట్టాడు, రెండూ తీసి చూరులో దోపాడు. సంచి నోరు తెరుచుకుని ఇంటి మూల అలాగే పడి ఉంది.

దీపావళి వెళ్ళిన మూడోనాడు పొద్దున్నే, అస్సాం టీ తోటలకి మనుషుల్ని తోలుకుపోయే మేస్త్రీ వచ్చి ఊరి చివర రాతిమీద కూర్చున్నాడు. అక్కణ్ణించి కొండ దిగి కోట ఊరి దాకా నడక, కోటనించి బండి, విజయనగరంలో రైలు. సుక్రు అన్న సోంబరు అప్పటికే మూట భుజానికెత్తుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"ఒరే, బేగి రారా. ఆడు కేకలేత్తన్నాడు."

"వొత్తన్నాను, వొత్తన్నాను."

సుక్రు లోపలికెళ్ళి సంచి మూతి పట్టుకుని ఎత్తబోయాడు. సంచి గుర్రుమంది.

సరిగ్గా అప్పుడే కనక ఆ వాకిట్లోకి వచ్చింది. ఊరికి ఆ కొసనున్న రాజులమ్మ మనవరాలు. కొంగు నడుముకి బిగించి ఉంది, చేతిలో కర్ర ఉంది, కళ్ళల్లో కోపముంది.

"మా బుద్రి ఏదీ?"

"ఏ బుద్రి?" అన్నాడు సోంబరు.

"మా ఎర్ర పెట్ట. మేతయేళకి వొచ్చి, తిన్నీసి మాయమైపోతంది. ఈ పక్కకే వొత్తంటే సూసినాను. కోడిని దాసినోడు ఎవుడో ఇప్పుడే సెప్పీసుకుంటే మంచిది."

"నానేటి దొంగనా?" అని లోపల్నించి సుక్రు అరిచాడు. "ఇలా రా. ఎవులింట్లో ఎవులు దూరినారో నువ్వే సూడు."

కనక వెళ్ళి సంచిలోకి తొంగిచూసింది. గొంగళి మడతల్లో బుద్రి మహారాణిలా కూర్చుని ఉంది. ఒంటిమీది ఈకలన్నీ ఉబ్బించి, కనకని కూడా ఎరగనట్టు ఓరగా చూసింది. రోజుకో గుడ్డు పెట్టుకుంటూ పోయి, ఇప్పుడు పొదగడానికి కూర్చుంది.

సోంబరు పగలబడి నవ్వాడు. "నీ గొంగళి కోడిపాలైపోయిందిరా. పెట్టని అవతల పారేసి రా, పోదాం."

కనక గబుక్కున సంచికి అడ్డం నిలబడింది. పెట్ట గురించి కాదు. సుక్రు భుజానికి సంచి వేలాడటం, ఆ భుజం దారి మలుపులో కనిపించకుండా పోవడం ఆమె కళ్ళముందు ఆడింది. నోటికి ఏదొస్తే అది అనేసింది.

"కదపకూడదు! అది అమ్మోరికి మొక్కిన పెట్ట. మొక్కిన పెట్ట పొదుగు కూకుంటే, పిల్లలు దిగేదాకా ఎవులూ దాన్ని ముట్టుకోకూడదు."

"మరి సంచి?"

"సంచీ కదపకూడదు."

"గొంగళి?"

"గొంగళీ అంతే."

"మరి నాను?" అన్నాడు సుక్రు.

కనక మొహం తిప్పుకుంది. "నువ్వెలా పోతే నాకేటి? నిన్నెవులు మొక్కినారు?"

సుక్రు ఒంగి, బుద్రిని రెండు చేతులా కొంచెం పైకెత్తి కిందికి చూశాడు. గుడ్లు లెక్కపెడుతున్నాడనుకుంది కనక. పొడుస్తున్నా పట్టించుకోకుండా పెట్టని మళ్ళీ మెల్లిగా కూర్చోబెట్టి, నిలబడి బుర్ర గోక్కున్నాడు.

"అన్నా, మొక్కిన పెట్టంట. గొంగళి లేకండా అంత దూరం సలిలో ఎలాగ? పిల్లలు దిగనీ. నాను ఎనకాల గుంపులో వొత్తాను."

"కోడిపెట్ట కోసం ఆగిపోయిన మగోణ్ణి నిన్నే సూసినాను." సోంబరు తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచాడు. కనకవైపు తిరిగి, "మరదలా, ఆ పిల్లల్లో ఒకదానికి నా పేరెట్టండి. పుంజుకే సుమా, పెట్టకి కాదు" అన్నాడు. నవ్వుతూనే దారిన పడ్డాడు. వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. ఆ పచ్చదనంలో అతని తలపాగా కాసేపు కనిపించింది.

సోంబరు ఆ మాట ఊరికే అనలేదు. రాజులమ్మ తన కోళ్ళకి పేర్లు పెడుతుందని ఊరందరికీ తెలుసు. అవి మామూలు పేర్లు కావు. ఊరు విడిచి వెళ్ళి, తిరిగి రానివాళ్ళ పేర్లు. ఏరు దాటి మనువు వెళ్ళి మళ్ళీ గడప తొక్కని, తోడబుట్టిన అప్ప పేరు బుద్రి. కూలికని ఓడెక్కి రంగం పోయిన కొడుకు పేరు లచ్చన్న. అతనే కనక తండ్రి. ఆ పేరుగల పుంజు నల్లగా, తోక ఎత్తుకుని, ఊరంతా తనదేనన్నట్టు తిరిగేది. పొద్దువాలే వేళ రాజులమ్మ వాకిట్లో నిలబడి, "బుద్రీ, రాయే! లచ్చన్నా, ఇంటికి రారా!" అని పిలిచేది. ఒక్కొక్కటే వచ్చేవి. అన్నీ వచ్చాకే ఆమె అంబలి తాగేది. ఏదైనా అడవి దారి పట్టి రాకపోతే ఆ పూట కుండ కదిపేది కాదు.

తల్లి కూడా లేని కనక ఆ పిలుపులు వింటూ పెరిగింది. ఎవరైనా సంచి సర్దుతున్నారంటే చాలు, ఆమె చేస్తున్న పని వదిలేసి వచ్చి చూస్తుంది.

బుద్రి పొదుగుతున్నన్నాళ్ళూ కనకకి రోజూ సుక్రు ఇంటికి వెళ్ళాల్సిన పని పడింది. పెట్టకి గింజలు వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి. వెళ్ళిన ప్రతిసారీ పోట్లాట.

"పిడికెడు సామలేనా? పెట్ట సిక్కిపోతంది" అనేవాడు సుక్రు.

"పెట్ట సిక్కిపోతందో, నువ్వు తిన్నీసి సెప్తన్నావో!"

"నోరు మా పెద్దదిలే నీకు."

ఒకరోజు కనక గింజలు వేస్తూ, పెద్దగా పట్టనట్టు అడిగింది. "ఇంతకీ అస్సాం ఎందుకు?"

"ఓలి సొమ్ము కోసం. పిల్లనడగాలంటే ఓలి ఇయ్యాల కదా."

కనక చేతిలోని గింజలు జారి కిందపడ్డాయి. "ఏ ఊరి పిల్ల?"

"సెప్పకూడదు."

"ఎలాగుంటది?"

సుక్రు ఆలోచిస్తున్నట్టు చూరుకేసి చూశాడు. "కోపమెక్కువ. పొద్దున లేస్తే తగువు. కానీ నవ్వితే సొట్ట పడతది."

కనక లేచి వెళ్ళిపోయింది. ఆ సొట్ట పడే పిల్ల ఎవరో తేలేదాకా నిద్రపట్టదనుకుంది. రెండు రోజులు గింజలు వేసి పలకకుండా వచ్చేసింది. ఏటిగట్టున నీళ్ళు ముంచుకునేటప్పుడు తన నీడ చూసుకుంటే, తనకీ ఒక బుగ్గన చిన్న సొట్టుంది. అయితే ఆ మాటకి అర్థం అది కాదులే అని కుండ ఎత్తుకుంది.

పిల్లలు దిగాయి. సుక్రు సంచితో సహా తల్లినీ పిల్లల్నీ రెండు చేతుల్లో ఎత్తుకుని రాజులమ్మ వాకిట్లోకి వచ్చాడు. కనక గబగబా తడిక వెనక్కి తప్పుకుంది.

"మామ్మా, నీ సొమ్ము తెచ్చినాను."

"అక్కడ దించు. కూకో." రాజులమ్మ ఒక్కొక్క పిల్లనీ అరచేతిలో పెట్టుకుని చూసింది. వాటిలో కాళ్ళు లావుగా ఉన్నదాన్ని ఎంచి, "ఈడు సోంబరు" అంది.

సుక్రు కూర్చోలేదు. మెడ నిమురుకున్నాడు. "మామ్మా, ఓ మాట. ఓలి ఇయ్యడానికి నాకాడ ఏటీ లేదు. కష్టం సేత్తాను. కనకని నాకిచ్చీ."

తడిక వెనక ఏదో దబ్బున పడింది. కనక కాలు తగిలి దొర్లిన రోకలి అది.

ఆ కొండల్లో అది ఉన్న పద్ధతే. ఓలి లేనివాడు పిల్ల ఇంట కష్టం చేసి పిల్లని గెలుచుకుంటాడు. రాజులమ్మ మాత్రం తొందరపడలేదు. తడికకేసి ఒకసారి, సుక్రుకేసి ఒకసారి చూసింది.

"సంచి సర్దినోడివి కదరా నువ్వు."

"సర్దినాను. నిండనేదు."

"నాకు కష్టం సేసేవోడు అక్కర్లేదు. పొద్దువాలితే పిలిస్తే పలికేవోడు కావాల. సరే, ఓ పని సేయి. నా కోళ్ళు అడివి పట్టిపోతన్నాయి. పునుగుపిల్లి కొన్నిటిని, నక్క కొన్నిటిని తింటంది. నాకు గంప కింద కప్పెట్టిన కోళ్ళొద్దు, అయ్యి తిరగాల. తిరగాల, కానీ పోకూడదు. అలాటి దడి కట్టు. సైత్రపండక్కి నాను పిలిస్తే అన్నీ పలకాల. ఒక్కటి తక్కువైనా పిల్లనియ్యను."

"సైత్రం దాకానా?" తడిక వెనకనించి గొంతు వినిపించింది.

"నీకేటే తొందర?" అంది రాజులమ్మ.

సుక్రు మొదటి దడి మూడునాళ్ళలో కట్టేశాడు. వెదురు కర్రలు నరికి, వరసగా పాతి, అడ్డతీగ నారతో బిగించాడు. పెద్ద కోళ్ళు ఆగాయి. పిల్లలు కర్రల సందుల్లోంచి ఒకదాని వెనకొకటి బయటికి నడిచాయి. వాటి వెనక తల్లి బుద్రి లోపల అటూ ఇటూ పరుగెత్తుతూ కొంపలంటుకున్నట్టు అరిచింది.

కనక చూసి చూసి అంది. "ఇది దడా, దువ్వెనా?"

"నీ జుట్టుకి పనికొత్తదిలే."

సుక్రు అదంతా పీకేశాడు. వెదురు సన్నగా చీల్చి, చాప అల్లినట్టు ఒత్తుగా తడికలు అల్లాడు. పునుగుపిల్లి తవ్వకుండా అడుగు జానెడు భూమిలోకి దించి, పక్కన ముళ్ళకంప పూడ్చాడు. పైన ఒంకర లేకుండా లావుపాటి వెదురు అడ్డకర్ర వేసి బిగించాడు. మనిషి నడుమెత్తు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. రాజులమ్మ కూడా చేత్తో ఊపి చూసి, "గట్టిగున్నాది" అంది.

అప్పుడు లచ్చన్న వచ్చాడు. అడ్డకర్రని కిందనించి పైకి తేరిపార చూశాడు. రెక్కలు టపటపలాడించి ఎగిరి కర్రమీద నిలబడ్డాడు. మెడ చాచి ఊరంతటికీ వినపడేలా కూసి, అవతలికి దూకాడు. లచ్చన్న దారినే పెట్టలూ ఒక్కొక్కటి ఎక్కడం, కూర్చుని నాలుగు పక్కలా చూడటం, దూకడం.

"బాగా కట్టినావు," అంది కనక. "కోళ్ళు కూకోడానికి అరుగు. పాపం, ఎగిరొచ్చి అలిసిపోతాయని."

సుక్రుకి నవ్వు రాలేదు. ఎందుకంటే మిగతావి తిరిగొచ్చాయి, లచ్చన్న రాలేదు. పగలు పోయింది, పొద్దు వాలింది. రాజులమ్మ వాకిట్లో నిలబడి, "లచ్చన్నా, ఇంటికి రారా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. తరవాత పిలవడం మానేసి గడపమీద కూర్చుంది. కుండమీది మూత తియ్యలేదు.

కనక ఆ మొహం చూడలేకపోయింది. "నాను పోయి సూసొత్తాను" అని లేచింది. అంతకుముందే సుక్రు దారిలో ఉన్నాడు.

వలిసెలు కోసేసిన మళ్ళ మీదుగా వాళ్ళు ఏటి వైపు వెళ్ళేసరికి కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. ముందు నాలుగు చినుకులు ఆటకొచ్చినట్టు పడ్డాయి. ఆ వెంటనే కొండ మొత్తం తెల్లగా మసకేసింది. ఇద్దరూ పరుగెత్తి ఒక పెద్దరాతి చూరు కింద చేరారు. అక్కడ చోటు ఒక్కరికే సరిపోతుంది. కనక రాతికి ఆనుకుని నిలబడింది. సుక్రు సగం వానలో నిలబడ్డాడు.

"లోపలికి రా. తడిసిపోతన్నావు."

"నోరు పెద్ద పిల్ల కొడతాదేమో."

కనక నవ్వింది. బుగ్గన సొట్ట పడింది. సుక్రు దానికేసే చూస్తున్నాడు. ఆమె గబుక్కున నవ్వు ఆపుకుని కిందికి చూసింది.

"సుక్రూ, నీకో మాట సెప్పాల. సెప్తే కోప్పడతావు."

"సెప్పు."

"బుద్రిని అమ్మోరికి ఎవులూ మొక్కనేదు. నాను అబద్ధమాడినాను. నువ్వు పోతావని." ఆమె కొంగు కొస మెలిపెట్టింది. "నా అబద్ధానికి నువ్వాగిపోయినావు. సోంబరు బావ తోడు లేకండా ఒక్కడే పోయినాడు. రోజూ అదే తలుత్తన్నాను."

సుక్రు మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. తరవాత అన్నాడు.

"మొక్కిన కోడికి ఎడంకాలి చిటికినగోరు కోసెత్తారు కదా?"

"ఊ."

"ఆరోజు నాను పెట్టనెత్తి సూసినాను. గోళ్ళన్నీ నిచ్చేపంలా ఉన్నాయి."

కనక తలెత్తింది. ఆ పెట్టని ఎత్తి చూసింది గుడ్ల కోసం కాదన్నమాట! "తెలిసే ఆగినావా?"

"అబద్ధమాడైనా నన్నాపేవోళ్ళు ఒకలున్నారని అప్పుడే తెలిసినాది. ఇంకేటి కావాల నాకు? అన్న పోవాలనుకునే పోయినాడు కనకా. ఆడి మూట ఒక్కపూటలో నిండిపోయినాది. నాదే నిండనేదు."

కనక చెయ్యి చాపి అతని మోచెయ్యి పట్టుకుని చూరు కిందికి లాగింది. చోటు సరిపోయింది.

అప్పుడే ఎదర వావిలి పొదలో ఏదో నల్లగా కదిలింది. లచ్చన్న! తడిసి ముద్దయి, తోక నేలకి వేలాడుతూ, ఊరి పెత్తనమంతా వానలో కొట్టుకుపోయి ఉన్నాడు. సుక్రు కదలబోతే కనక చెయ్యి నొక్కింది. "ఉండు. ఏటి సేత్తాడో సూడు."

లచ్చన్న ఎక్కడానికి చోటు వెతుకుతున్నాడు. తలెత్తి ఒక సన్నని వావిలి కొమ్మని చూశాడు. ఎగిరి కాలు మోపబోయాడు. కొమ్మ వంగిపోయింది, జారి కింద పడ్డాడు. ఇంకో కొమ్మకేసి చూశాడు. గాలికి దాని కొస ఊగుతోంది. మెడ అటూ ఇటూ తిప్పాడు కానీ ఎగరలేదు. ఆఖరికి పక్కనున్న మోడు చూసుకుని ఒక్క దూకులో ఎక్కి కూర్చున్నాడు.

"సూసినావా?" కనక గొంతు పైకి లేచింది. "ఎత్తు సూసి ఎగరట్లేదు. కాలెట్టుకోడానికి పట్టుందా అని సూత్తన్నాడు. పట్టు లేకపోతే ఎగరడు. మనమే అడ్డకర్రేసి పట్టిచ్చినాం!"

సుక్రు ఆమెకేసి నోరు తెరుచుకుని చూశాడు. "అయితే అడ్డకర్ర తీసీమంటావు."

"తీసీ. తడిక మీద సన్నటి వెదురు రెబ్బలు కొసలు కొయ్యకండా వొదిలీ. ఊగనీ."

లచ్చన్నని కొంగులో చుట్టుకుని వాళ్ళు తడిసి ఇంటికి వచ్చారు. రాజులమ్మ పుంజుని చేతుల్లోకి తీసుకుంది. తడి ఈకలు నిమురుతూ, "వొచ్చినావా నాయనా" అంది. ఆ తరవాత మనవరాల్ని, ఆ పక్కవాణ్ణి చూసి, ఏమీ అడక్కుండా కుండమీది మూత తీసింది. మూడు దొప్పల్లో అంబలి పోసింది.

మర్నాటినించి ఇద్దరూ కలిసి కట్టారు. సుక్రు వెదురు చీలుస్తుంటే కనక అల్లింది. పైన అడ్డకర్ర లేదు. పిల్లవేళ్ళంత సన్నని రెబ్బలు మనిషెత్తు దాటి, గాలికి ఊగుతూ నిలబడ్డాయి. దూరంనించి చూస్తే నేలమీంచి గడ్డి మొలిచినట్టుంది. పెరడంతా, చింతచెట్టు నీడంతా, వాన మడుగంతా లోపలికి వచ్చేలా చుట్టు వేశారు. కోళ్ళకి లోపలే పని ఉండాలని కనక చెదలపుట్ట పెళ్ళలు తెచ్చి పడేసేది. బుద్రి పొదిగిన గోనెసంచి కోళ్ళగూట్లో వేలాడదీశారు. పెట్టలు గుడ్లు పెట్టడానికి దానికోసం కొట్టుకునేవి.

లచ్చన్న వచ్చి దడి చూశాడు. ఆ కొసనించి ఈ కొసదాకా నడిచాడు. మెడ సాచాడు, వంచాడు, రెక్కలు కొంచెం విప్పి మళ్ళీ ముడుచుకున్నాడు. ఊగే రెబ్బలు అతనికి నచ్చలేదు. చివరికి చెదలపుట్ట పెళ్ళ దగ్గరికి వెళ్ళి, అసలు అందుకే వచ్చినట్టు గోకడం మొదలుపెట్టాడు.

"ఓడిపోయినాడు!" అని కనక చప్పట్లు కొట్టింది.

"గెలిసింది నానే కదా," అన్నాడు సుక్రు.

"సైత్రం రానీ. అప్పుడు సెప్పుకో."

చైత్రపండగ వచ్చింది. మగవాళ్ళు వేటకి వెళ్ళొచ్చారు, డప్పులు మోగాయి, ఆడవాళ్ళు చేతులు పట్టుకుని దింసా ఆడారు. డప్పుల మోతకి కోళ్ళు బెదిరి పెరడంతా పరుగులు తీశాయి. కనక ఆటలో ఉందే కానీ కళ్ళు దడి మీదే ఉన్నాయి. ఏ కోడి ఎగురుతుందో, ఏ సందు విడిపోతుందో అని అడుగులు తప్పింది. పక్కవాళ్ళు నవ్వారు.

పొద్దు వాలింది. రాజులమ్మ దడి తలుపు దగ్గర నిలబడింది. సుక్రు ఒక పక్కన, కనక ఒక పక్కన. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"బుద్రీ, రాయే."

బుద్రి వచ్చింది.

ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్కటే వచ్చింది. లచ్చన్న మాత్రం అందర్నీ కాసేపు నిలబెట్టి, మెల్లిగా నడిచి వచ్చాడు. ఆఖరున ముసలమ్మ గొంతు సవరించుకుంది.

"సోంబరూ, ఇంటికి రారా."

అప్పుడప్పుడే తోక మొలుస్తున్న పడుచు పుంజు, చింతచెట్టు మొదట్లోంచి పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చింది. కూత ఇంకా సరిగా రాలేదు. గొంతు జీరపోయినట్టు ఒక్క అరుపు అరిచింది. అందరూ నవ్వారు.

రాజులమ్మ దడిమీది రెబ్బలు చేత్తో ఒకసారి కదిపి చూసింది. "కోడినాపాలంటే కాలెట్టుకునే పట్టు తీసీయాల," అంది. "మనిసినాపాలంటే కాలెట్టుకోడానికి ఇంత సోటియ్యాల. ఒరే గుంటడా, లోపలికి రా. కాళ్ళు కడుక్కో."

ఆమె ఒప్పుకోలు అదే. కనక నీళ్ళ చెంబు తెచ్చి సుక్రు కాళ్ళ దగ్గర పెట్టింది. అతను ఒంగి ఆమెకొక్కదానికే వినపడేలా అడిగాడు.

"సొట్ట పిల్ల ఒప్పుకుంటాదా?"

"అమ్మోరికి మొక్కీసినాను," అంది కనక. "నిన్ను. ఇంక ఎవులూ కదపకూడదు."

ఆ నెలలోనే వాళ్ళ పెళ్ళయింది.

దడి చాలా ఏళ్ళు నిలబడింది. పుచ్చిన కర్రలు సుక్రు మార్చాడు, ఊడిన అల్లిక కనక అల్లింది. వాళ్ళ పిల్లలు ఆ తలుపు పట్టుకునే నడక నేర్చుకున్నారు. పొద్దువాలే వేళ రాజులమ్మ పిలిచేది, ఆమె తరవాత కనక పిలిచేది. సోంబరు పేరు పిలవగానే పుంజు అందరికంటే ముందు వచ్చేది. అది ముసలిదై పోయాక ఆ పేరు ఇంకో పుంజుకి పెట్టారు. పేరు వదల్లేదు.

మనిషి సోంబరు తిరిగి రాలేదు. పంతొమ్మిది వందల ఇరవై ఆరులో, దీపావళి వెళ్ళిన మూడోనాడు పొద్దున్న కొండ దిగినవాడు, మళ్ళీ రాలేదు.